మ్యూకరేలిస్ ఇప్పుడు జైగోమైకోటాలో లేదండి

రొట్టె బూజు మీద మీ వ్యాసం చదివాను, తెలుగులో ఇంత ఓపిగ్గా రాసినందుకు సంతోషం. అందులో మ్యూకరేలిస్ క్రమాన్ని (రొట్టె బూజులుండే వర్గం, ఆర్డర్) జైగోమైకోటా అనే పెద్ద శిలీంధ్ర విభాగంలో (ఫైలం) చూపించారు. మేం డిగ్రీలో చదివిందీ అదే. కానీ జన్యు ఆధారాలతో 2016లో ఆ విభాగాన్ని రెండుగా విడదీశారు. మ్యూకరేలిస్ ఇప్పుడు మ్యూకోరోమైకోటాలో ఉంది, రెండోది జూపాగోమైకోటా.

ఈ క్రమం బూజులతో వచ్చే జబ్బు గురించి మీరు రాసిన 'బ్లాక్ ఫంగస్ అంటే నల్ల బూజు' అన్న వాక్యం మాత్రం తప్పక మార్చండి. 2021లో ఆ పేరు వింటేనే ఇంటింటా టెన్షన్. బూజు రోగి రక్తనాళాల్లోకి చొరబడి మూసేస్తే కణజాలం చచ్చి నల్లబడుతుంది, పేరు అందుకే వచ్చింది.

మొన్న వానలకి విశాఖ ఎంవీపీ కాలనీలో మా వంటింట్లో బ్రెడ్డు ముక్క బూజు పట్టింది. ముందు తెల్లటి దూది, మర్నాటికి దాని మీద సూదిమొనంత నల్ల చుక్కలు. భూతద్దంలో చూస్తే ఒక్కో చుక్కా సన్నటి కాడ మీద నిలబడ్డ సిద్ధబీజాశయం, అంటే బీజాల సంచి! కాడల అడుగున వేళ్లలాంటి పోగులున్నాయి, కాబట్టి అది రైజోపస్ అనే బూజు. ఇదే క్రమంలోని మ్యూకర్ అనే బూజుకి అవి ఉండవు. పోగుల్లో అడ్డుగోడలు దాదాపు లేకపోవడం ఈ క్రమానికి పెద్ద గుర్తు, అయితే అది చూడాలంటే మైక్రోస్కోపు కావాలి.

పేడ మీద పెరిగే పైలోబోలస్ అనే బూజుని మీరు వదిలేశారు, అదే నా బాధ. అదీ ఈ క్రమానిదే. వెలుగు వైపు వంగి, కాడ చివరి నీటి బుడగ పగిలి, బీజాశయాన్ని రెండు మీటర్ల దాకా విసురుతుంది. పశువు మేసే పచ్చిక మీద పడాలి కదా! విశాఖలోనే ఉన్న ముడసర్లోవ నుంచి తాజా పేడ తెచ్చి, గాజుసీసాలో మూతపెట్టి కిటికీ పక్కన ఉంచి చూశాం. వారం తిరక్కుండానే సీసా గోడకి, వెలుగొచ్చే వైపు, నల్ల చుక్కలు అంటుకున్నాయి.