అర బాత్రూమ్‌కి అర రేటు

పోయిన అక్టోబర్లో డాలస్‌లోని మా ఆఫీసులో ఒక పుణ్యకార్యం జరిగింది. లాటినా సమాన వేతన దినం. లాటినా అంటే లాటిన్ అమెరికా మూలాలున్న ఆడమనిషి. మెయిల్ అడుగున "టాకోలు ఉచితం" అని ఉండటంతో, హిస్పానిక్ స్త్రీల జీతాల మీద నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అపారమైన ఆవేదన ఒక్కసారిగా పొంగుకొచ్చి, ఐదు నిమిషాలు ముందే వెళ్లి కూచున్నాను.

అక్టోబరే ఎందుకంటారా? అమెరికాలో ఏడాది పొడవునా ఫుల్‌టైమ్ చేసే తెల్ల మగాడికి డాలర్ వస్తే, అలాగే ఫుల్‌టైమ్ చేసే లాటినాకి వచ్చేది 2023 లెక్కల్లో 58 సెంట్లు. అతగాడు డిసెంబర్‌కల్లా సంపాదించేసింది ఈవిడ కూడబెట్టాలంటే మరుసటేడు దసరా రోజుల దాకా చాకిరీ చెయ్యాలి. మన దగ్గరైతే దసరాకి మామూలు ఇస్తాం. మా ఆఫీసువాళ్లు ఉపన్యాసం ఇచ్చారు.

ఉపన్యాసం పేరు "అడగండి!" ఆడవాళ్లకి జీతం తక్కువెందుకయ్యా అంటే అడగడం రాక. మంత్రాలు మూడే. కళ్లలోకి చూడండి. మార్కెట్ రేటు చెప్పండి. ఆ తర్వాత నోరు మెదపకండి, ముందు మాట్లాడినవాళ్లే ఓడినట్టు. అందరం చప్పట్లు కొట్టాం. గదిలో లాటినాలు ఇద్దరున్నారు. ఒకావిడ టాకోలు సర్దుతోంది, రెండో ఆవిడ ఎంగిలి ప్లేట్లు తీస్తోంది. అడిగే కళలో వాళ్లకి శిక్షణ అవసరమని ఎవరికీ తోచలేదు.

నా పక్కన కూచుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిన మిత్రుడొకడున్నాడు, మనవాడే. ఆ శనివారం వాడింటికి కాఫీకి వెళ్లేసరికి హాల్లో బేరం నడుస్తోంది. కొత్తగా క్లీనింగ్‌కి మాట్లాడుకుంటున్న "మెక్సికన్ ఆవిడ" నిలబడి ఉంది. ఆవిడది హోండురాస్. అయితేనేం, మా వీధిలో స్పానిష్ మాట్లాడేవాళ్లంతా మెక్సికన్లే. మనల్ని ఎవడైనా మదరాసీ అంటే మాత్రం కోపం ముక్కు మీదికి వస్తుంది.

ఇల్లు నాలుగు బెడ్రూములు, మూడున్నర బాత్రూములు. అర బాత్రూమ్ అంటే స్నానానికి వీల్లేనిది, సింకూ కమోడూ మాత్రం ఉండేది. ఆవిడ కళ్లలోకి చూసింది. "నూట అరవై" అంది. ఈ చుట్టుపక్కల రేటు అదే అంది. తర్వాత నోరు మెదపలేదు. నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఉపన్యాసం వినకుండానే మూడు మంత్రాలూ వరసగా వేసింది!

మావాడు ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచాడు. "మూడున్నర బాత్రూములకి నాలుగింటి లెక్క కట్టావేంటి? అరదానికి అరే వెయ్యాలి" అన్నాడు. ఆవిడ ఆ తలుపు వైపు చూసింది. "షవర్ లేదు కదా" అని వీడు పాయింటు లాగాడు. "అద్దం కూడా చిన్నదే." అనుమానం తీరక నేనే లేచి వెళ్లి చూసొచ్చాను. అర బాత్రూమ్‌లో కమోడ్ పూర్తిదే ఉంది. ఈలోగా వంటింట్లోంచి వాళ్లావిడ, "ఏవండీ, స్టవ్ మీద పోపు జిడ్డూ, గట్టు మీద పసుపు మరకలూ అందులోనే వస్తాయేమో అడగండి!"

అడగండి! ఉపన్యాసం ఊరికే పోలేదు.

నూట నలభైకి తెగింది. కన్సల్టెన్సీవాడు తన బిల్లింగ్‌లో ముప్పై శాతం నొక్కేస్తున్నాడని మూడేళ్లుగా కనిపించినవాడి దగ్గరల్లా ఏడుస్తున్న మనిషి వీడు. ముప్పై పోతేనే ఇంత ఏడుపైతే, నలభై రెండు పోయేవాళ్లు ఎంత ఏడవాలో అదే కాలిక్యులేటర్లో చూసి ఉండాల్సింది.

అడగడం రాదట! ఎవరికండీ రానిది? డాలస్ నుంచి నాలుగైదు గంటలు కారు నడిపితే శాన్ ఆంటోనియో. 1938లో అక్కడ పెకాన్ కాయలు వలిచే మెక్సికన్ ఆడవాళ్లకి పౌనుకి ఏవో ఆరేడు సెంట్లు ఇస్తూ, అందులోనూ కోత పెట్టారు. దాదాపు పన్నెండు వేలమంది పని ఆపి వీధిలోకి వచ్చారు. ముందు నిలబడ్డ ఎమ్మా టెనాయుకా వయసు 21. కళ్లలోకి చూసి అడిగారు. కళ్లలోకి బాష్పవాయువు కొట్టారు, వందలమందిని జైళ్లలో కుక్కారు. అదే ఏడాది గంటకి 25 సెంట్ల కనీస వేతన చట్టం వచ్చింది. అంత ఇచ్చుకోలేమని యజమానులు యంత్రాలు తెచ్చి వేలమందిని ఇంటికి పంపేశారు. పొలం పనివాళ్లనీ ఇంటి పనివాళ్లనీ ఆ చట్టం మొదట్లోనే బయట నిలబెట్టింది. ఇంటి పనివాళ్లని లోపలికి రానివ్వడానికి 1974 దాకా పట్టింది. పొలాల్లో చేసేవాళ్లకి ఫెడరల్ చట్టంలో ఓవర్‌టైమ్ ఈ రోజుకీ లేదు. రైతుకూలీల సంఘం కట్టిన డొలోరెస్ హుయెర్తా 1988లో శాన్ ఫ్రాన్సిస్కో వీధిలో నిరసనకి వెళ్తే పోలీసులు పక్కటెముకలు విరిగేలా కొట్టారు. ఆవిడకప్పుడు 58 ఏళ్లు. ఈ 58 ఏమిటో వాళ్లనే పట్టుకుని వేలాడుతోంది. ఇన్ని దెబ్బలు తిన్నవాళ్లకి టాకో నములుతూ మనం నేర్పాలా, అడగడం? వాళ్లు నోరు తెరవకపోవడం కాదయ్యా, మనం చెవులు మూసుకోవడం!

టెక్సస్‌లో కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, 2009 నుంచి కదల్లేదు. టిప్పులొచ్చే ఉద్యోగమైతే యజమాని జేబులోంచి తియ్యాల్సింది 2.13, అది 1991 నుంచి కదల్లేదు. కోవిడ్ మూసివేతలప్పుడు, 2020 ఏప్రిల్లో, లాటినాల్లో ప్రతి ఐదుగురికీ ఒకరు నిరుద్యోగి. మూసేసిన హోటల్ తలుపు కళ్లలోకి ఎలా చూడాలో ఆ ఉపన్యాసంలో రాలేదు.

సభ అయ్యాక అభిప్రాయం రాయమని ఫారం పంపారు. "వచ్చే ఏడాది రాత్రి తొమ్మిదికి పెట్టండి, శుభ్రం చేసేవాళ్లు అప్పుడు బిల్డింగ్‌లోనే ఉంటారు" అని రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. మంచి సూచనేనట. కాకపోతే ఆ వేళకి టాకోలు దొరకవట.