విలియం షాట్నర్‌ది ఒక్క వేషమేనా?

కెనడా నటుడు విలియం షాట్నర్ గురించి ఒక మాట చాలామంది పంచుకుంటున్నారు. ఆయన నాటకం ఎరుగడట. అంతరిక్ష ప్రయాణాల అమెరికన్ టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’ అదృష్టవశాత్తు దొరికిందట. మాటలు తుంచి పలకడమే ఆయన నటనట. ఆ సీరియల్ పెట్టిన తిండే జీవితాంతం తిన్నాడట. ఇందులో పూర్తిగా నిలిచే మాట ఒక్కటీ లేదు.

నాటకం ఎరుగడన్న మాటే నన్ను ఎక్కువగా బాధించింది. మాంట్రియల్‌లో పుట్టి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కామర్స్ చదివిన షాట్నర్, 1954లో అంటారియోలోని స్ట్రాట్‌ఫర్డ్ షేక్‌స్పియర్ నాటకోత్సవ బృందంలో చేరారు. 1956లో అక్కడ ‘ఐదవ హెన్రీ’ ఆడుతున్నారు. రాజు వేషం క్రిస్టఫర్ ప్లమ్మర్‌ది. షాట్నర్‌ది గ్లాస్టర్ ప్రభువు అనే చిన్న వేషం, ప్లమ్మర్ రాలేని రోజున రాజు వేషం కట్టే బాధ్యతా ఆయనదే. ఒకనాడు ప్లమ్మర్ కిడ్నీలో రాయితో మంచం పట్టారు. షాట్నర్ రాజుగా వేదిక ఎక్కారు. ప్లమ్మర్‌ను అనుకరించి ఆ పూట గట్టెక్కితే చాలని ఆయన అనుకోలేదు. ప్లమ్మర్ నిలబడి మాట్లాడే చోట ఈయన కూర్చుని మాట్లాడారు. ఈ సంగతిని తరువాత మెచ్చుకుంటూ చెప్పింది స్వయంగా ప్లమ్మరే. అంత పెద్ద వేషం చివరి నిమిషంలో మీద పడ్డప్పుడు అలా కూర్చోవడానికి ఎంత గుండె కావాలో, ఒక్కసారైనా మొహానికి రంగు వేసుకున్నవారికి తెలుస్తుంది.

ఇక అదృష్టం. ‘స్టార్ ట్రెక్’ మొదటి నమూనా ఎపిసోడ్‌లో అంతరిక్ష నౌక కెప్టెన్ వేషం జెఫ్రీ హంటర్‌ది. దాన్ని ఛానల్ తిప్పికొట్టింది, రెండో దానికి హంటర్ రాలేదు. చోటు ఖాళీ అయిన మాట నిజం. కానీ ఆ చోటుకు వచ్చిన షాట్నర్ 1958లోనే న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో ‘ది వరల్డ్ ఆఫ్ సూజీ వాంగ్’ కథానాయకుడు. ఆ నాటకం 508 ప్రదర్శనలు ఆడింది.

జీవితాంతం తిన్న తిండి మాటకు వస్తే, 1969లో సీరియల్ ఆగిపోయాక ఆయన ట్రక్కు మీద బిగించిన చిన్న గదిలో బతుకుతూ, వేసవి నాటకాల కోసం ఊరూరా తిరిగారు. ఆ ఏడాది మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడాన్ని ఆ గదిలోనే బుల్లి టీవీలో చూశానని ఆయనే చెప్పారు.

మాటలు తుంచి పలికేవారన్నది పూర్తిగా అబద్ధమని నేను అనను. కొన్ని చోట్ల ఆ విరుపు శ్రుతి మించింది కూడా. అయితే ‘బోస్టన్ లీగల్’ అనే టీవీ సీరియల్‌లో ఎపిసోడ్ చివర వచ్చే బాల్కనీ దృశ్యాలు చూడండి. చేతిలో చుట్ట, పక్కన స్నేహితుడు. తన జ్ఞాపకశక్తి జారిపోతోందని లోలోపల భయపడే వృద్ధ న్యాయవాది డెనీ క్రేన్‌గా షాట్నర్. అక్కడ ఆయన మాట ఆగితే, తరువాతి మాట గుర్తుకొస్తుందో లేదో అన్న బెదురు మనకూ తగులుతుంది. ఈ పాత్రకే 2004లో, అది మొదట కనిపించిన ‘ది ప్రాక్టీస్’ సీరియల్‌కు, 2005లో ‘బోస్టన్ లీగల్’కు రెండు ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, వచ్చాయి. 2012లో, 80 ఏళ్ల వయసులో, ఆయన మళ్లీ బ్రాడ్‌వేకు వచ్చి ఒంటరిగా వేదిక మీద నిలబడ్డారు.