మెట్రో శిలాఫలకం మీద ఆ పేర్లు కూడా రాయండి

2023 జనవరి 10న బెంగళూరు నాగవార దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద, మెట్రో పిల్లర్ కోసం నిలబెట్టిన ఇనుప చట్రం కూలి బైక్ మీద వెళ్తున్న ఒక కుటుంబం మీద పడింది. తల్లీ, రెండున్నరేళ్ల బాబూ పోయారు, తండ్రీ కూతురూ బతికారు. 2025 ఏప్రిల్‌లో బెంగళూరులోనే కోగిలు క్రాస్ దగ్గర మెట్రో గర్డర్ (పిల్లర్ల మీద పెట్టే పెద్ద దూలం) తీసుకెళ్తున్న పెద్ద ట్రక్కు మీంచి ఆ గర్డర్ పడి ఆటో డ్రైవర్ చనిపోయాడు. రెండు నెలలు తిరక్కుండానే చెన్నై రామాపురంలో మెట్రో గర్డర్లు కూలి ఒక బైక్ అతను పోయాడు. వీళ్లు చేసిన తప్పేంటి అంటే ఏమీ లేదు, ఆ టైంకి ఆ రోడ్డు మీద ఉన్నారు, అంతే.

వారం రోజులు టీవీల్లో వస్తుంది, నష్టపరిహారం ప్రకటిస్తారు, కాంట్రాక్టర్‌కి నోటీసు ఇస్తారు, తర్వాత అందరం అదే పిల్లర్ కింద నుంచి ఆఫీసుకి వెళ్తుంటాం. పని చేస్తూ పోయిన లేబర్ సంగతైతే ఇంకా ఘోరం, లోపలి పేజీలో రెండు లైన్లు వస్తే గొప్ప, అందులో కూడా చాలాసార్లు పేరుండదు.

అమెరికాలో రోడ్డు పనుల దగ్గర భద్రత కోసం 2000 నుంచి ప్రతి ఏప్రిల్‌లో ఒక వారం జరుపుతున్నారు. 2002 నుంచి ఒక స్మారక గోడ కూడా ఉంది, దాన్ని ఊరూరా తీసుకెళ్తారు, రోడ్డు పనుల దగ్గర చనిపోయినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. నాకు బాగా నచ్చింది ఏంటంటే కూలీలు, డ్రైవర్లు, పోలీసులు, పిల్లలు అందరి పేర్లూ ఒకే గోడ మీద ఉంటాయి. అక్కడ పని జోన్లలో పోయేవాళ్లలో ఎక్కువమంది వాహనాల్లో వెళ్లేవాళ్లే, అంటే పని దగ్గర జెండా పట్టుకుని ట్రాఫిక్ ఆపే మనిషి సేఫ్టీ, మన సేఫ్టీ వేరువేరు కాదు.

మన దగ్గర రూల్స్ లేక కాదు. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు రోడ్డు పనుల దగ్గర ట్రాఫిక్ ఎలా నడపాలో ఎస్పీ 55 అని ప్రత్యేకంగా ఒక గైడ్‌లైన్ ఇచ్చారు, 2014లో దాన్ని కొత్తగా రాశారు, ముందస్తు హెచ్చరిక ఎక్కడ మొదలవ్వాలి, లేన్ ఎలా మళ్లించాలి, పని అయిపోయిన చోట ట్రాఫిక్‌ని మళ్లీ ఎలా కలపాలి, అన్నీ ఉన్నాయి. అదే సంస్థ లెక్క ప్రకారం 60 స్పీడులో వచ్చే బండి ఆగడానికి 80 మీటర్లు కావాలి. ఇప్పుడు మన రింగ్ రోడ్డు మీద రాత్రి పని చూడండి, గుంత పక్కనే బోర్డు పెడతారు, అది కనపడేసరికి బండి గుంతలో ఉంటుంది.

బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక రాత్రి తారు వేస్తుంటే ట్రాఫిక్ ఆగింది, బండి పక్కన పెట్టి చూశాను. ఎర్ర జెండా పట్టుకుని నిలబడ్డ అతను తెలుగులో ఎవరినో పిలుస్తున్నాడు, అడిగితే నారాయణపేట వైపు అన్నాడు. జాకెట్ మీద మెరవాల్సిన వెండి పట్టీలు ఉతికి ఉతికి బూడిద రంగుకి వచ్చేశాయి, లైటు పడినా మెరవట్లేదు. పక్కన ప్లాస్టిక్ బారికేడ్లు, వాటి కడుపు నిండా నీళ్లు పోస్తేనే కదా బండి తగిలితే కాస్తైనా ఆపేది, ఖాళీగా ఉన్నాయి, లారీ పోతే ఆ గాలికే జరుగుతున్నాయి. అతన్ని పనిలో పెట్టింది మేస్త్రీ, మేస్త్రీ పైన సబ్ కాంట్రాక్టర్, ఆయన పైన ఇంకొకరు, ఆ పైన ఎవరో అతనికి తెలీదు. రేపు అతనికేమైనా అయితే ఏ ఆఫీసు రికార్డులో ఉంటాడు?

పేర్లు రాసి పెట్టాలని నేననేది అందుకే. పేరు రాస్తే పక్కన ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని కూడా రాయాల్సి వస్తుంది, ఆ ఎందుకు దగ్గరే ఖాళీ బారికేడూ, లేని బోర్డూ, చీకట్లో కదిలిన గర్డరూ బయటపడతాయి. 2019 సవరణతో మోటార్ వాహన చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది, రోడ్డు ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే కాంట్రాక్టర్‌కైనా అధికారికైనా జరిమానా వెయ్యొచ్చు, కానీ గరిష్ఠంగా లక్ష రూపాయలే. కోట్ల కాంట్రాక్టులో లక్ష ఎవరికి లెక్క చెప్పండి. డబ్బుకి భయపడనివాళ్లు జనం ఏళ్ల తరబడి చదివే బోర్డుకైనా కొంచెం భయపడతారు.

నవంబర్ మూడో ఆదివారం రోడ్డు ప్రమాద బాధితుల స్మరణ దినం, ఐక్యరాజ్యసమితి 2005లోనే ఆమోదించింది. ఆ రోజు బెంగళూరులో మెట్రో, ఫ్లైఓవర్, డ్రైనేజ్ పనుల దగ్గర పోయిన ప్రతి ఒక్కరి పేరూ, లేబర్ అయినా దారిన పోయేవాళ్లైనా, కన్నడ తెలుగు తమిళ హిందీ ఏ భాష మనిషైనా, ఒకే లిస్టుగా బయటపెట్టాలి. మంత్రుల పేర్లతో శిలాఫలకం ఉన్న స్టేషన్‌లోనే, దాని పక్కనే, అంతే సైజులో చెక్కించాలి. పాలమూరు నుంచో రాయచూరు నుంచో ఆ కుటుంబాలు రావాలంటే ఒకరోజు పని పోతుంది కాబట్టి రానూపోనూ చార్జీలూ, ఆ రోజు కూలీ ఇచ్చి మరీ పిలవాలి.