నాసికాపురానికి రాని మంత్రిగారు

మొన్న సోమవారం నా ముక్కు రెండు వైపులా మూసుకుపోయింది. కాలనీ మెడికల్ షాపుకి వెళ్ళి చెప్పుకున్నాను. ఆయన స్ట్రిప్పు తీసి కత్తెరతో నాలుగు మాత్రలు కోసిచ్చాడు.

"ముక్కు కారుతుంటే ఏమిస్తారు?" అన్నాను, ఊరికే.

"ఇదే సార్."

"తుమ్ములకి?"

"ఇదే."

"ఒళ్ళు నొప్పులకి?"

"అన్నీ అందులోనే ఉంటాయి సార్" అన్నాడు, అక్షరాలు రానివాణ్ణి చూసినట్టు చూసి.

మందు పేర్లున్న సగం ఆయన దగ్గరే ఉండిపోయింది. అడిగి తీసుకుని చదివాను. పారాసెటమాల్, సరే. క్లోర్‌ఫెనిరమిన్, ఇది జోకొట్టి పడుకోబెడుతుంది. కెఫీన్, ఇది లేపి కూర్చోబెడుతుంది. ఈ ఇద్దరినీ ఒకే గదిలో కాపురం పెట్టించిన మహానుభావుడెవరోగానీ ఆయనకో దండం. నా తగువు నాలుగో పెద్దమనిషితో. ఫినైల్‌ఎఫ్రిన్, 10 మిల్లీగ్రాములు. ముక్కు తెరిచే శాఖ ఈయనదే.

ముక్కు బిగేసేది చీమిడి వల్లనే అనుకుంటాం గానీ, అసలు అడ్డు లోపలి పొరలో ఉబ్బిన రక్తనాళాలది. ఆ నాళాల గోడలకి ఆల్ఫా రిసెప్టర్లుంటాయి, అంటే మందు వచ్చి తగులుకునే తావులు. అడ్రినలిన్ జాతి మందు వచ్చి వాటిని తాకితే నాళాలు బిగుసుకుంటాయి, వాపు తీస్తుంది, గాలి ఆడుతుంది. గుండెలో ఉండేవి ముఖ్యంగా బీటాలు, వాటిని తడితే దడ. ఊపిరి గొట్టాల్లోవి ఇంకో రకం బీటాలు, తడితే గొట్టాలు విచ్చుకుంటాయి. ఆ రకమే కండరాల్లోనూ ఉండబట్టి ఆస్తమా మందు వేసుకున్నవాళ్ళకి చేతిలో కాఫీ గ్లాసు వణుకుతుంది. ఈ ఆల్ఫా, బీటా భాగపంపకాలు 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త చేశాడు. ఇంతవరకూ శాస్త్రాన్ని వేలెత్తి చూపడానికి లేదు. మందు తాకితే పని జరుగుతుంది. తాకాలంటే ముందు రావాలి కదా.

ఇప్పుడు నాసికాపురం గ్రామాన్ని ఊహించుకోండి. మంత్రిగారొస్తున్నారు. షామియానా వేశారు, ముగ్గులు పెట్టారు. ఆల్ఫా రిసెప్టర్లు బడి పిల్లల్లా ఎండలో రెండు వరసలు కట్టి పొద్దున్నుంచీ నిలబడి ఉన్నాయి. కడుపులోంచి వంద కార్ల కాన్వాయ్ బయల్దేరిందని కబురొచ్చింది. మొదటి మజిలీ పేగు గోడ. అక్కడి ఎంజైములు అభిమానులు. కారు కారునీ ఆపి మెడలో సల్ఫేటు దండ వేశాయి. వేసిన దండ తియ్యడానికి లేదు, ఆ దండతో రిసెప్టరు తలుపు పట్టదు. మిగిలిన కార్లు కాలేయం చౌరస్తా దగ్గరికొచ్చాయి. అక్కడ ఇంకో సన్మానం, కొన్ని కార్లకి చక్రాలూడదీసి మరీ. దండలు పడ్డ బళ్ళన్నీ ఇక ఊరికి పనికిరావని కిడ్నీల బైపాసు పట్టి మూత్రంలోకి సాగిపోయాయి. సాయంత్రమైంది. నాసికాపురంలో మైకువాడు "వచ్చేస్తున్నారు, వచ్చేస్తున్నారు" అంటూనే ఉన్నాడు. వచ్చిన కార్లెన్ని? వందకి ఒకటి కూడా లేదు. రూపాయి పంపితే జనానికి చేరేది 15 పైసలేనని 1985లో రాజీవ్ గాంధీ వాపోయారు. పాపం, ఆయన పేగు గోడని చూసినట్టు లేదు.

మంత్రిగారు చేతకానివారేం కాదు, ఆ మాట అంటే కళ్ళు పోతాయి. సిజేరియన్‌కి వెన్నులో మత్తిచ్చాక తల్లి బీపీ పడిపోతే మత్తు డాక్టరు ఇదే మందుని నరంలోకి ఎక్కిస్తాడు, చూస్తుండగానే బీపీ లేస్తుంది. కంటి డాక్టరు చుక్కలుగా వేస్తే కనుపాప విచ్చుకుంటుంది. పనిమంతుణ్ణే నోటి దారిన పోస్టింగ్ వేసి చెడగొట్టారు.

అసలీయనకి ఈ శాఖ ఎలా వచ్చిందో వినండి. అమెరికాలో ముక్కు తెరిచే పని సూడోఎఫెడ్రిన్ నోటి మాత్రగానే చక్కగా చేసేది. దాన్ని వండితే మెత్ అనే మత్తుమందు తయారవుతుందని దొంగలు కనిపెట్టారు. 2006లో చట్టం వచ్చింది, సూడోఎఫెడ్రిన్ కౌంటరు వెనక్కి పోయింది. ఖాళీ అయిన అరలో ఫినైల్‌ఎఫ్రిన్‌ని కూర్చోబెట్టారు. దొంగలు దీని జోలికి రాలేదు. జలుబూ దీన్ని లెక్కచెయ్యలేదు. 2007లోనే ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఫార్మసీ ప్రొఫెసర్లు ఇది పనిచెయ్యదు మహాప్రభో అని అర్జీ పెట్టుకున్నారు. 2023 సెప్టెంబరులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ఓటింగు పెట్టింది: నోటి ద్వారా తీసుకుంటే ముక్కుకి ఒరిగేదేమీ లేదని 16-0. పంచాయతీ తీర్మానం కూడా ఇంత ఏకగ్రీవంగా ఉండదు. అంతకు ముందు ఏడాది అక్కడ ఈ మందున్న సరుకు అమ్మకం దాదాపు 180 కోట్ల డాలర్లు. 2024 నవంబరులో దీన్ని చీటీ లేకుండా అమ్మే ముక్కు మందుల జాబితా నుంచి తీసేద్దామని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. ప్రతిపాదనే సుమా, కంగారు పడకండి.

మన దగ్గర ఆ కంగారు కూడా లేదు. ఇక్కడి గెలుపు రహస్యం కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది. జలుబు ఎటూ వారంలో తగ్గుతుంది, స్ట్రిప్పూ వారంలో అయిపోతుంది. ఇంటిల్లిపాదీ కాకికి నైవేద్యం పెడతారు.

పెద్దవాళ్ళ సంగతి సరే, మన డబ్బు, మన మూత్రం. ఇదే మంత్రిగారు పిల్లల సిరప్పుల్లో కూడా ఉన్నారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ జంటని నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని, ఆ మాట లేబుల్ మీద వెయ్యమని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవై మందికి పైగా పిల్లలు కిడ్నీలు చెడి చచ్చిపోయారు. ఎక్కువమంది అయిదేళ్ళు నిండనివాళ్ళు. వాళ్ళకి పట్టింది ఈ జంట ఉన్న సిరప్పే. చంపింది ఈ జంట కాదు, అందులో కలిసిన డైఇథిలిన్ గ్లైకాల్, పరిశ్రమల్లో వాడే ద్రవం. ఉండనిచ్చే హద్దు 0.1 శాతం. తమిళనాడు లేబొరేటరీలో తేలింది 48.6 శాతం. సీసాలో దాదాపు సగం విషం! మిగతా సగం సవ్యంగా ఉన్నా ఆ పిల్లల ముక్కులు తెరుచుకునేవి కావు. పనిచెయ్యని మందు కోసం, ఎవడూ పరీక్షించని సీసాలో, చెంచాతో కొలిచి తల్లులు తమ చేత్తో పోశారు. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు. సంతకాలు పెట్టినవాళ్ళకి అన్నం ఎలా దిగుతుందో తెలియడం లేదు.

నేనింకా స్ట్రిప్పు చదువుతుండగానే ఒకామె చంకలో పిల్లాణ్ణి వేసుకుని వచ్చింది. వాడి పై పెదవి మీద చీమిడి ఎండి చారలు కట్టింది. "అన్నా, జలుబు మందియ్యి" అంది. షాపాయన వెనక్కి తిరగకుండానే చెయ్యి పెట్టి సీసా తీశాడు.

"ఎన్నేళ్ళమ్మా బాబుకి?" అన్నాను.

"మొన్ననే రెండు నిండినయ్."

సీసా తీసుకుని తిప్పాను. నాలుగేళ్ళ మాట ఉంది, చీమ తల కన్నా చిన్న అక్షరాల్లో. షాపాయనకి చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, సీసా దగ్గరగా పెట్టుకుని, చదివాడు.

"అందరూ వాడుతున్నారు సార్" అన్నాడు. "రాత్రంతా ఏడిస్తే మీరొచ్చి ఎత్తుకుంటారా?"

ఆమె నా వైపు, ఆయన వైపు చూసింది. డాక్టరుకి ఒకసారి చూపించమన్నాను. తలూపింది. పిల్లాడు తుమ్మాడు. ఆమె కొంగుతో వాడి ముక్కు తుడిచి, నోటు తీసి కౌంటరు మీద పెట్టింది.