బ్రాకెట్టు గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్రాకెట్టు గారికి,

గ్రామఫోను రికార్డు మీద, పాట పేరు కింద, పాట కట్టినవాళ్ల పేర్లని చీమతలకాయంత అక్షరాల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చునే తమకు నమస్కారాలు. స్టేపుల్ సింగర్స్ అనే అమెరికా కుటుంబ బృందం పాడిన ‘ఐల్ టేక్ యూ దేర్’ రికార్డు మీద తమ ఒళ్లో ఒక్కరే ఉన్నారు: ఆల్వర్టిస్ ఇస్బెల్. అంటే ఆ రికార్డు వేసిన స్టాక్స్ కంపెనీ పెద్ద ఆల్ బెల్. తమ్ముణ్ణి పూడ్చిపెట్టి వచ్చాక, ఆర్కన్సాలో తండ్రి పెరట్లో, పాత బస్సు మీద కూర్చుని కట్టానని ఆయనే చెప్పుకున్నాడు. కాదనం. మిగతావాళ్లని ఎక్కడ కూర్చోబెట్టారన్నదే మా పేచీ.

ముందు ఎత్తుగడ సంగతి. 1969లో జమైకాలో హారీ జాన్సన్ తీసుకొచ్చిన ‘లిక్విడేటర్’ అనే రెగే వాద్యపాట పెట్టి వినండి, ఎత్తుగడ అదే. విన్‌స్టన్ రైట్ ఆర్గాన్ అందుకునేలోపే దొంగ దొరికిపోతాడు. అంత సముద్రం దాటొచ్చిన బేస్ నడకను తమరు ఊరూ పేరూ అడగలేదు. అతిథి మర్యాద అనుకుందాం!

పాట మొత్తానికి రెండే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), సి, ఎఫ్. మాటలు గుప్పెడు. ఇలాంటి దాన్ని నిలబెట్టేవి చేతులే. అవి అలబామాలో మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోవి: బేస్ డేవిడ్ హుడ్, డ్రమ్స్ రోజర్ హాకిన్స్, ఎలక్ట్రిక్ పియానో బారీ బెకెట్, గిటార్లు జిమ్మీ జాన్సన్, ఎడ్డీ హింటన్. వాయించి చూసిన బృందాలకు తెలుస్తుంది కష్టం. రెండు నిమిషాలయ్యేసరికి విసుగు పుట్టి గిటారిస్టు మూడో కార్డు దూరుస్తాడు. బేస్ వాయించేవాడు ఖాళీలన్నీ పూడ్చేస్తాడు, ఆ ఖాళీల మీదే కదా పాట ఊగేది. గిటారు చరుపు దెబ్బకీ దెబ్బకీ నడుమ పడాలి, ముందుకు జరిగిందా, ఊగాల్సిన పాట కవాతు చేస్తుంది. ఇంత పని చేసినవాళ్లకు సెషన్ లెక్కన, అంటే రికార్డింగుకు కూర్చున్న పూటల లెక్కన, కూలి. పాటంటే మాటలూ వరసానే అన్నది తమ ధర్మశాస్త్రం. తక్కినదంతా వంటపాత్రల సామాను.

ఇక ఆ కుటుంబం. తండ్రి పాప్స్ స్టేపుల్స్, కూతుళ్లు క్లియోతా, ఇవోన్, మేవిస్. 1948 నుంచి షికాగో చర్చిల్లో పాడి పాడి అరిగిన గొంతులు. మన భజనమేళంలో లాగే ముందు ఒకరు, వెనక వంత. ఇందులో మేవిస్ పాడినదాంట్లో సగం కాగితం మీద పెట్టలేనిది: మూలుగు, పిలుపు, ఊఁ కొట్టడం. తమరు చెయ్యని పని కూడా ఆవిడ పాట నడుమే చేసింది. బేస్ వంతు రాగానే హుడ్‌ని ముద్దుపేరు పెట్టి పిలిచింది. అయితే గిటారు ముక్క దగ్గర ‘డాడీ’ అంది, అక్కడ వాయించింది మాత్రం హింటన్. పాప్స్ కూడా గిటారుకు పేరుమోసినవాడు కాబట్టి జనం ఇట్టే నమ్మేశారు. ఆ మౌతార్గానో? ఇంజినీరు టెర్రీ మానింగ్ తర్వాత కలిపింది.

1972 జూన్‌లో పాట అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. తమరు అంగుళం కూడా సాగలేదు.

చోటు లేదంటారేమో. ఏడంగుళాల పళ్లెంలో ఒకటిన్నర అంగుళం కన్నానికి చోటు దొరికింది కదండీ.

ఇట్లు,
తమ వంపుకు బయట నిలబడినవారి తరఫున