తుప్పు వదలని సైకిలు

ముప్పై అయిదేళ్ల పాటు మా నాన్నకు ఆదివారం అంటే సైకిలు తుడుచుకునే రోజు. 1974లో మూడొందల చిల్లర పెట్టి కొన్న హెర్క్యులస్ అది. 28 అంగుళాల చక్రాలు. ముందు చక్రానికి 32 ఊచలు, వెనక దానికి 40. పాత బనీను ముక్క పట్టుకుని ఆ 72 ఊచల్నీ ఒక్కొక్కటిగా తుడిచేవాడు. అమ్మ తలకు కొబ్బరినూనె నిండుకున్నా సైకిలు రిమ్ములకు మాత్రం ఎప్పుడూ నిండుకోలేదు. "తుప్పు చెదలాంటిదిరా, చిటికెడు కనపడిందంటే ఇల్లంతా ఉన్నట్టే" అనేవాడు.

మోకాళ్లు అరిగి 2009లో ఆయన సైకిలు దిగాడు. అది మెట్ల కిందకు చేరింది. తర్వాత విజయవాడ ఉక్కపోత తన పని తాను చేసుకుపోయింది.

మొన్న ఎండాకాలం నేను దాన్ని బయటికి లాగి, వెలుగులో పెట్టి చూసి, "అబ్బ! ఏం తుప్పండీ!" అని మురిసిపోయాను. అప్పటికి నెల రోజులుగా రాత్రిళ్లు నిద్ర మానేసి రాట్ రాడ్ సైకిళ్ల వీడియోలు చూస్తున్నాను మరి. అమెరికాలో పాత కార్లను పట్టుకుని, రంగు వేయకుండా, తుప్పు తుడవకుండా, దొరికిన సామానంతా అతికించి రోడ్డు మీద వదిలే సరదా ఒకటుంది. మెరిసిపోయే షోకు కార్లంటే పడని వాళ్ల తిక్క అది. ఆ తిక్క సైకిళ్లకూ పాకింది. ష్విన్ కంపెనీ 1963లో స్టింగ్-రే అని ఒక పిల్లల సైకిలు తెచ్చింది. అరటిపండులా సాగిన సీటు, భుజాల దాకా లేచిన హ్యాండిలు. ఆ వాటం, దాని మీద ఈ తుప్పు. అదీ నా ప్లాను.

"రాట్ అంటే ఎలక, రాడ్ అంటే కడ్డీ. ఎలకల బోను చేస్తున్నావా?" అన్నాడు నాన్న.

"కాదు నాన్నా, నీ సైకిల్ని అలా మారుస్తున్నాను. తుప్పు అలాగే ఉంచుతాం."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కొడుకు సన్యాసం పుచ్చుకుంటానన్నా అంత చూసేవాడు కాదు.

విప్పదీయడంతో మొదలుపెట్టాను. ఎడం పెడల్ రాలేదు. కిరసనాయిలు పోశాను, రాలేదు. స్పానరుకు మూరెడు గొట్టం తొడిగి, గోడకు కాలు తన్నిపెట్టి రెండు రోజులు లాగాను. నాన్న పడక్కుర్చీలో పేపరు చదువుతూ చూస్తున్నాడు. రెండో రోజు సాయంత్రం పేజీ తిప్పుతూ, "ఎడం పెడల్‌కి ఎదురు మరరా" అన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా!"

"బిగిస్తున్నావేమో అనుకున్నా."

పెడల్ కడ్డీలను ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నులు సుత్తి దెబ్బకు వంగాయే గానీ కదల్లేదు. చివరికి కదిలాక ఇరుసు ఊడి, అందులోని బేరింగు గోళీలు వరండా అంతా పారాయి. అటు 11, ఇటు 11, వెరసి 22 ఉండాలి. 20 దొరికాయి. ఒకటి మర్నాడు మా ఆవిడకు కందిపప్పులో దొరికింది. ఇంకొకటి ఎవరికీ దొరకలేదు. ఆ పప్పు మాత్రం అందరం తిన్నాం.

విడి సామాను కోసం ఆటోనగర్ వెళ్లాను. లారీని పొద్దున లోపలికి తోలితే సాయంత్రానికి నట్టు నట్టుగా అమ్మేయగల ఊరు అది. అక్కడ ఒక వెల్డింగు షాపులో నా హ్యాండిలు బొమ్మ చూపించాను. "ఇంత ఎత్తు దేనికి సార్, చంకల్లో గాలాడ్డానికా?" అన్నాడు కుర్రాడు. నీళ్ల పైపు వంచి చేసిచ్చాడు. ఒకవైపు కాస్త ఎక్కువ వంగింది. అదే అందం అనుకున్నాను. పాత లూనా మోపెడ్ సీటు ఒకటి, పిండితే గేదె ఈనినట్టు అరిచే రబ్బరు హారనొకటి, 24 అంగుళాల లావు చక్రాలు రెండు తెచ్చాను. మడ్గార్డులు, చైన్ కవరు, క్యారియరు, స్టాండు తీసి పారేశాను. అన్నీ బిగించడానికి మా వీధి చివర సైకిలు షాపు బాబాయ్ దగ్గరికి తోసుకెళ్తే ఆయన బీడీ ఆర్పి లేచాడు.

"దీనికి 24 చక్రాలేంటి సార్? బండి రెండంగుళాలు కిందకి దిగిపోద్ది. మలుపులో పెడల్ నేలకి తగులుద్ది. పైగా బ్రేకు కట్టెలు రిమ్ముకి అందవు."

"బ్రేకులు ఎలాగూ తీసేస్తున్నాం బాబాయ్. ఆ కడ్డీలుంటే లుక్కు రాదు."

పక్కనే బల్ల మీద కూర్చున్న నాన్న అందుకున్నాడు. "ఉన్న రాడ్లన్నీ పీకేసి మళ్లీ రాట్ రాడ్ అంటాడేంటయ్యా వీడు!"

వాళ్లకు తెలియని రహస్యం నాకు తెలుసు. వీడియోల్లో చూశాను కదా, ఆ దొరలకు చేతి బ్రేకులే ఉండవు. ఆగాలంటే పెడల్ వెనక్కి తొక్కుతారు, బండి బుద్ధిగా ఆగుతుంది. బాబాయ్‌కి ఆ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆ సైకిళ్ల వెనక హబ్బులోనే బ్రేకు ఉంటుందని, నాకు బిగించింది మామూలు ఫ్రీవీల్ అని ఆయన చెప్పి ఉండేవాడు.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి బయల్దేరాను. రైవస్ కాలువ వంతెన ఎక్కేదాకా మహారాజులా ఉంది. చేతులు రెండూ ఆకాశంలో, కూర్చున్నది లూనా మీద. పాలవాడు చూశాడు, వాకర్లు చూశారు, ఒక కుక్క మొరగడం మానేసి మరీ చూసింది. వంతెన దిగడం మొదలైంది. వేగం అందుకుంది. కింద మలుపులో ఒక ఆటో. నేను నిబ్బరంగా పెడల్ వెనక్కి తొక్కాను.

టిక్ టిక్ టిక్ టిక్.

ఇంకా గట్టిగా తొక్కాను. ఇంకా గట్టిగా టిక్కుమంది. హారన్ పిండాను, ఆటోవాడు గేదె కోసం వెతుకుతూ నా వైపు తప్ప అన్ని వైపులా చూశాడు. హ్యాండిలు తిప్పాను. బాబాయ్ చెప్పిన పెడల్, చెప్పినట్టే, నేలకు తగిలింది. నేను, సైకిలు విడివిడిగా వెళ్లి ఆటో పక్కన పోసిన ఇసకలో కూర్చున్నాం.

మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. లేచేలోపు టీ కొట్టు దగ్గరున్న జనమంతా మూగారు. అందరూ ముందు సైకిల్ని చూశారు.

"అయ్యయ్యో, ఏమన్నా మిగిలిందా అందులో!"

"హ్యాండిలు చూడండి, ఎలా పైకి లేచిపోయిందో."

"బ్రేకులు ఊడిపోయాయి. చైన్ కవర్ లేదు. మడ్గార్డులు రెండూ ఎగిరిపోయాయి పాపం!"

ఒక పెద్దాయన ఆటోవాడి కాలరు పట్టుకున్నాడు. "ఏవయ్యా, పొద్దున్నే తాగి తోలుతున్నావా? పాత సైకిలు మీద పొట్టపోసుకునే మనిషిని ఇట్టా చేస్తావా?"

"ఆయన బండి నన్ను తాకనే లేదు బాబాయ్ గారూ" అంటున్నాడు వాడు. నిజమే. వాడికీ సైకిలు అవతారం చూసి తన మీద తనకే అనుమానం వచ్చినట్టుంది, జేబులోంచి అయిదొందలు తీశాడు.

"అతని తప్పేం లేదండీ, ఇది ముందు నుంచీ ఇలాగే ఉంది. కావాలనే ఇలా చేయించాను, పద్నాలుగు వేలయింది" అన్నాను.

జనం నిశ్శబ్దమైపోయారు. పెద్దాయన కాలరు వదిలేసి నా దగ్గరికొచ్చి, తలకేమన్నా దెబ్బ తగిలిందేమో అని జుట్టు పాయలు తీసి చూశాడు. ఆటోవాడు అయిదొందలు జేబులో పెట్టేసుకుని, "ఆసుపత్రికి ఊరికే దింపుతా, ఎక్కండన్నా" అన్నాడు.

ఈలోపు ఇద్దరు కుర్రాళ్లు మడ్గార్డులు వెతకడానికి కాలువ గట్టు దిగారు. వద్దంటే వినలేదు. పావుగంటకి ఎక్కడిదో సొట్టలు పడ్డ మడ్గార్డు ఒకటి పట్టుకొచ్చారు. "ఒకటి దొరికిందన్నా, రెండోది నీళ్లలోకి పోయినట్టుంది." కాదనే ఓపిక నాకు లేదు. తీగతో వెనక చక్రానికి కట్టి, టీ తాగించి, ఆటోలో వేసి పంపారు.

నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నా మోచెయ్యి చూశాడు, హ్యాండిలు చూశాడు, వెనక్కి వెళ్లి ఆ మడ్గార్డు మీద చేత్తో తట్టాడు.

"ఇప్పుడు కాస్త సైకిల్లా ఉంది" అని లోపలికి తిరిగి, "ఏమేవ్, కొబ్బరినూనె ఎక్కడ పెట్టావ్?" అని కేకేశాడు.

నా మోచేతికేమో అనుకున్నాను. బనీను ముక్క కూడా తెమ్మన్నాడు.