డ్రాఫ్ట్ రాత్రి ఫ్యాన్ ఎప్పుడూ కరెక్టే

అమెరికన్ ఫుట్‌బాల్లో కోచ్ కంటే, జనరల్ మేనేజర్ కంటే, కోట్లు పోసి టీమ్ కొన్న ఓనర్ కంటే ఎక్కువ తెలిసినవాడు ఒకడున్నాడు. వాడు సోఫాలో ఉంటాడు. చిప్స్ తింటూ ఉంటాడు. వాడే ఫ్యాన్. ఈ సంగతి ఈ ఆట నడిపే లీగ్ ఎన్ఎఫ్ఎల్ వాళ్లు వందేళ్లు దాటినా ఒప్పుకోవట్లేదు కాబట్టి, ఇక మొహమాటం వదిలేసి సాక్ష్యాలతో సహా రాయాల్సి వస్తోంది.

మొదటి సాక్ష్యం 2024 ఏప్రిల్ 25, గురువారం రాత్రి, డెట్రాయిట్. మా అట్లాంటా ఫాల్కన్స్‌కి ఎనిమిదో పిక్.

ఐపీఎల్ వేలం మాత్రమే చూసేవాళ్ల కోసం ఒక ముక్క చెప్పి ముందుకెళ్తా. డ్రాఫ్ట్ అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్. ఇక్కడ ప్యాడిల్ ఎత్తడాలు, కోట్లు పెంచుకుంటూ పోవడాలు ఉండవు. కిందటి సీజన్లో అందరికంటే చెత్తగా ఆడినవాళ్లకి ముందు ఛాన్స్, కప్పు కొట్టినవాళ్లు లైన్లో చివర, మధ్యలో పిక్కులు అమ్ముకోవడం కొనుక్కోవడం మామూలే. కాలేజీలో ఆడే కుర్రాళ్లలోంచి ఒక్కొక్కణ్ణి పిలుచుకుంటారు, 2024లో అయితే మొదటి రౌండ్లో ఒక్కో టీమ్‌కి ఆలోచించుకోడానికి పది నిమిషాలు. అంటే ఏడాదంతా ఓటములు చూసిన ఫ్యాన్‌కి దేవుడిచ్చిన ప్రతిఫలం ఈ పది నిమిషాలే అన్నమాట. మా వాళ్లు 2021లో 7-10 (ఏడు గెలుపులు, పది ఓటములు), 2022లో 7-10, 2023లో కూడా 7-10, ఇంత క్రమశిక్షణ మిలిటరీలో కూడా ఉండదు, అందుకే ఎనిమిదో పిక్ కూడా మాకు వరసగా మూడోసారి, దాదాపు మా పేరు మీద రిజిస్ట్రేషన్ అయిపోయింది.

ఆ ఏడాది మాకు ఏం కావాలో అట్లాంటా చుట్టుపక్కల కమ్మింగ్ నించి సువానీ దాకా, ఆల్ఫరెటా నించి జాన్స్ క్రీక్ దాకా ప్రతి తెలుగు ఇంట్లో తెలుసు. అవతలి టీమ్‌లో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ మీద పడి కుమ్మేసేవాడు కావాలి. ఎడ్జ్ రషర్ అంటారు. అలబామా కుర్రాడు డాలస్ టర్నర్ పేరు చాలామంది మాక్ డ్రాఫ్టుల్లో (ఎవరు ఎవర్ని తీసుకుంటారో ముందే ఊహించి రాసే లిస్టులు) మాకు రాసిపెట్టేశారు, మేం కూడా ఖాయం చేసేసుకున్నాం, అతని ఆట ఒక్కటి పూర్తిగా చూశామా అని అడగొద్దు, చూడాల్సిన అవసరం లేదు, మాక్ డ్రాఫ్ట్ చదివాంగా. మాకు అక్కర్లేనిది ఏదైనా ఉందా అంటే అది క్వార్టర్‌బ్యాక్ ఒక్కటే, ఎందుకంటే మార్చిలోనే కర్క్ కజిన్స్‌ని తెచ్చుకున్నాం. నాలుగేళ్లకి 180 మిలియన్ డాలర్లు, అందులో 100 మిలియన్లు గ్యారంటీ. మన లెక్కలో దాదాపు 1500 కోట్ల రూపాయల ఒప్పందం. 35 ఏళ్ల మనిషి, కిందటి అక్టోబర్లోనే మడమ వెనక టెండన్ తెగి ఆపరేషన్ అయింది, అయినా పర్లేదు, పెద్దమనిషి, నిదానస్తుడు.

కమిషనర్ రోజర్ గుడెల్ స్టేజి మీదకొచ్చాడు. అతను కనబడితే బూ అనడం ఆచారం, అందులో ద్వేషం ఏం ఉండదు. వచ్చి చదివాడు: మైకేల్ పెనిక్స్ జూనియర్, క్వార్టర్‌బ్యాక్, వాషింగ్టన్ యూనివర్సిటీ.

క్వార్టర్‌బ్యాక్!

పెద్దల్లుడికి ఇల్లు రాసిచ్చి, కారు కొనిచ్చి, ఊరంతా భోజనాలు పెట్టి పంపిన ఆరు వారాలకే మామగారు ఇంకో కుర్రాణ్ణి చెయ్యిపట్టి తీసుకొచ్చి, ఈయన కూడా మన అల్లుడే, కానీ పెద్దాయన ఓపిక అయిపోయేదాకా వసారాలో కూర్చుంటాడు అంటే చుట్టాల మొహాలు ఎలా ఉంటాయో ఆ రాత్రి జార్జియా అంతా అలా ఉంది. నేను ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక నిమిషం పాటు ఎవడూ ఏమీ టైప్ చెయ్యలేదు, గుడ్ మార్నింగ్ పువ్వులు రాత్రి పదకొండుకి కూడా పంపే గ్రూప్ అది. ఆ తర్వాత మొదలైంది.

ఇక్కడే ఫ్యాన్ గొప్పతనం చూడాలి. ఫాల్కన్స్ స్కౌట్లు పెనిక్స్‌ని నెలల తరబడి చదివారు, ఊరూరా తిరిగారు, విసిరించి చూశారు, ఇంటర్వ్యూలు చేశారు. మా వాళ్లు నాలుగే నాలుగు నిమిషాల్లో మొత్తం తేల్చేశారు. వయసు 24కి వస్తోంది, ముసలాడు. ఎడమచేతి వాటం, అరిష్టం. ఇండియానాలో ఆడిన నాలుగు సీజన్లూ దెబ్బలతోనే ముగిశాయి, రెండుసార్లు కుడి మోకాలు, రెండుసార్లు భుజం, కాబట్టి గాజు బొమ్మ. అదే కుర్రాడు వాషింగ్టన్‌కి మారాక 2023లో 4,903 గజాలు విసిరి దేశంలోనే ముందున్నాడు, కాలేజీ ఆటలో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగులో రెండో స్థానం, టీమ్‌ని ఫైనల్ దాకా మోసుకెళ్లాడు అని ఒకాయన మెల్లగా రాశాడు. ఆయన్ని వెంటనే ఆ యూనివర్సిటీ ఊరి (సియాటిల్) టీమ్ సీహాక్స్ మనిషి అని ముద్రేశారు. నిజాలు చెప్పేవాణ్ణి గ్రూపులో ఎక్కువసేపు ఉంచకూడదు, వాతావరణం పాడవుతుంది.

కానీ నా పరిశోధనలో తేలిన ఒక విషయం అప్పుడెవరూ గమనించలేదు. పెనిక్స్ ఓడిపోయిన ఆ కాలేజీ ఫైనల్ (మిషిగన్ చేతిలో 34-13, 2024 జనవరి) జరిగింది హ్యూస్టన్ ఎన్ఆర్‌జీ స్టేడియంలో. 2017 ఫిబ్రవరిలో ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ సూపర్ బౌల్లో 28-3 ఆధిక్యంలో ఉండి కూడా పేట్రియట్స్ చేతిలో 34-28తో మేం ఓడిపోయింది కూడా అదే స్టేడియంలో! అంటే ఫాల్కన్స్‌లో చేరడానికి కావాల్సిన ఎంట్రన్స్ పరీక్ష కుర్రాడు ముందే, అదే సెంటర్లో రాసి పాసయ్యాడు. దీన్ని మించిన స్కౌటింగ్ ఉంటుందా, మేనేజ్‌మెంట్‌ని అనవసరంగా తిట్టాం.

పాపం కజిన్స్ సంగతి. మా టైమ్ నడుస్తూ ఉండగా టీమ్ వాళ్లు ఫోన్ చేసి చెప్పారట, మాకు ముందు అస్సలు తెలీదు అని అతని ఏజెంటు బయటికే చెప్పాడు. ఇందులో నాకు బాగా నచ్చిన భాగం ఏంటంటే, కొన్ని వారాల తర్వాత అంటే జూన్‌లో లీగ్ వాళ్లు ఫాల్కన్స్‌కి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసి, 2025 ఐదో రౌండ్ పిక్ కూడా లాగేసుకున్నారు. దేనికి? రూల్ ఒప్పుకునే టైమ్ రాకముందే కజిన్స్‌తోనూ ఇంకో ఇద్దరితోనూ సంప్రదింపులు పెట్టుకున్నారని. అంటే తెచ్చుకునేటప్పుడు అతనితో మరీ తొందరగా మాట్లాడారు, నెత్తిన ఇంకొకణ్ణి తెచ్చిపెట్టేటప్పుడు మరీ ఆలస్యంగా మాట్లాడారు, సగటు తీస్తే సరిగ్గా టైముకే మాట్లాడినట్టు. ఈ లెక్క లీగ్ వాళ్లకి తట్టలేదు. పైగా కజిన్స్‌కి ఇది కొత్తేం కాదు, 2012లో వాషింగ్టన్ డీసీ ఎన్ఎఫ్ఎల్ టీమ్ రెండో పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్‌ని తీసుకుని అదే డ్రాఫ్టులో నాలుగో రౌండ్లో ఇతన్నీ తీసుకుంది, అప్పుడు ఆ రెండోవాడు ఎందుకురా అని అక్కడి ఫ్యాన్లు తల పట్టుకున్నది ఇతన్ని చూసే. పన్నెండేళ్లకి సీట్లు మారాయి, అంతే.

మేనేజ్‌మెంట్ వైపు వాదన కూడా చెప్పాలి కదా, నిష్పక్షపాతంగా రాస్తున్నా. క్వార్టర్‌బ్యాక్ దొరికినప్పుడే పట్టుకోవాలి, వెనక కూర్చుని నేర్చుకుంటాడు, గ్రీన్ బే ప్యాకర్స్ అలాగే చేశారు అంటారు. నిజమే, వాళ్లు 2005లో బ్రెట్ ఫార్వ్ ఉండగా ఆరన్ రాడ్జర్స్‌ని తెచ్చి మూడేళ్లు కూర్చోబెట్టారు, 2020లో రాడ్జర్స్ ఉండగా జోర్డన్ లవ్‌ని తెచ్చారు. ప్యాకర్స్ ఫ్యాన్లు అప్పుడు కూడా గగ్గోలు పెట్టారు. ఏమైంది, రాడ్జర్స్‌కి ఒళ్లు మండి వరసగా రెండేళ్లు ఎంవీపీ (లీగ్ బెస్ట్ ప్లేయర్ అవార్డు) కొట్టాడు. కానీ ప్యాకర్స్ పిక్కులు 24, 26, అంటే అందరూ తిన్నాక మిగిలిన వంటకం. మేం ఎనిమిదోది పెట్టాం. అదీగాక పెనిక్స్ కూడా మూడేళ్లు నేర్చుకుంటే ఆడే టైమ్‌కి 27 వస్తాయి, కొందరు అప్పటికి రెండో కాంట్రాక్టు సంతకం పెట్టేసుంటారు.

ఇక రెండో సాక్ష్యం, చరిత్ర. 1999లో ఫిలడెల్ఫియా నించి ఒక రేడియో స్టేషన్ వాళ్లు ముప్ఫైమంది ఫ్యాన్లని పోగేసి న్యూయార్క్ పంపించారు, డ్రాఫ్టులో బంతి పట్టుకుని పరిగెత్తే రికీ విలియమ్స్‌ని తీసుకోవాలని అరవడానికి. ఫిలడెల్ఫియా టీమ్ ఈగిల్స్ రెండో పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ డోనవన్ మెక్‌నాబ్‌ని పిలిచారు. ఆ కుర్రాడు కొత్త సూటు వేసుకుని జీవితంలో అతి పెద్ద రోజున స్టేజెక్కితే బస్సు బ్యాచ్ మొత్తం బూ అన్నారు. తర్వాత ఆ మెక్‌నాబ్ వాళ్లని అయిదుసార్లు సూపర్ బౌల్‌కి ముందు మెట్టు అయిన కాన్ఫరెన్స్ ఫైనల్‌కి, ఒకసారి సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. చూశారా? బూ అనబట్టే కదా కసి పెరిగింది. ఆ ముప్ఫైమందికి ఈగిల్స్ వాళ్లు ఇంతవరకూ పెన్షన్ ఇవ్వకపోవడం అన్యాయం. రికీ విలియమ్స్ కోసం మాత్రం న్యూ ఆర్లియన్స్ కోచ్ మైక్ డిట్కా ఆ ఏడాది తన పిక్కులన్నీ, మీదట 2000 సంవత్సరం మొదటి, మూడో రౌండ్ పిక్కులు కూడా ఇచ్చేశాడు, ఆయన ఫ్యాన్ మనస్తత్వం ఉన్న గొప్ప కోచ్, ఏడాది తిరక్కుండా ఉద్యోగం పోయింది.

2019లో న్యూయార్క్ జెయింట్స్ ఆరో పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌ని తీసుకున్నప్పుడు కూడా జనం ఇంతే గోల చేశారు, ఫ్యాన్లు ఏడుస్తున్న వీడియోలు దేశమంతా తిరిగాయి. అయిదేళ్లకి, 2024 నవంబర్లో, టీమే అతన్ని వదిలేసింది. మేం చెప్పలేదా అన్నారు వాళ్లు. చెప్పారు. ఫ్యాన్ మాట నిజమైతే జ్ఞానం, అబద్ధమైతే మోటివేషన్. ఈ సూత్రంలో ఓడిపోయే గడి ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే నేను రాయడం మానేస్తా.

మళ్లీ మన కథకి. 2024 సీజన్లో కజిన్స్ అక్టోబర్లో టాంపా బే టీమ్ మీద 509 గజాలు విసిరాడు, ఫాల్కన్స్ చరిత్రలో రికార్డు. చూశావా, పెనిక్స్ పిక్ ఎంత దండగో అన్నాం. 6-3 దాకా వెళ్లాం. ఆ తర్వాత నవంబర్, డిసెంబర్లలో వరసగా నాలుగు ఓడిపోయాం, అయిదు ఆటల్లో ఒక్క టచ్‌డౌన్ పాస్, తొమ్మిది ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు పట్టేసుకున్న పాసులు). అప్పుడు అదే గ్రూపులో అదే జనం ఏమన్నారో తెలుసా, బంగారం లాంటి కుర్రాణ్ణి బెంచ్ మీద కుళ్లబెడుతున్నారు, ఈ కోచ్‌కి బుద్ధుందా అని. డిసెంబర్ 17న అప్పటి కోచ్ రహీమ్ మారిస్ కజిన్స్‌ని పక్కన పెట్టాడు, పెనిక్స్ స్టార్టర్‌గా దిగిన మొదటి ఆటలోనే జెయింట్స్ మీద 34-7తో గెలుపు. మేం ఏప్రిల్లోనే చెప్పాం అని ఒకాయన రాశాడు. ఆయన ఏప్రిల్లో చెప్పిందేంటో చూద్దామని పైకి స్క్రోల్ చేస్తే, ఈ మెసేజ్ డిలీట్ చెయ్యబడింది అని ఉంది. పెద్దమనిషి.

బెంచ్ అన్నాను కాబట్టి ఒక మాట. అమెరికాలో మన తెలుగు ఐటీ వాళ్లకి బెంచ్ అంటే ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రాజెక్ట్ లేకుండా, జీతం వస్తుందో రాదో తెలీకుండా, వీసా డేట్లు లెక్కపెట్టుకుంటూ గెస్ట్ హౌస్‌లో పప్పన్నం. అలాంటి మనం, 100 మిలియన్లు గ్యారంటీ తీసుకుని హెల్మెట్ చేత్తో పట్టుకుని బెంచ్ మీద నిలబడ్డ కజిన్స్‌ని చూసి, అయ్యో పాపం అన్నాం. మన జాతి గుండె పెద్దది. ఒకాయన మాత్రం ఆ బెంచ్‌కి ఏ కన్సల్టెన్సీ ద్వారా అప్లై చెయ్యాలి అని సీరియస్‌గా అడిగాడు.

2025లో పగ్గాలు పెనిక్స్‌కిచ్చారు. నవంబర్లో మోకాలికి దెబ్బ, సీజన్ అయిపోయింది, మళ్లీ కజిన్స్ దిగాడు. ఆ రోజుల్లో గ్రూపులో కొత్త సిద్ధాంతం నడిచింది: ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు ఉండటం ఎంత ముందుచూపో అప్పుడే మేం గ్రహించాం, కానీ బయటపడలేదు. సరే, నేను కూడా గ్రహించినవాళ్ల లిస్టులో పేరు రాయించుకున్నా.

ఇన్ని చేసినా మేం భరించాం. కానీ 2025 డ్రాఫ్ట్ రాత్రి చేసింది మాత్రం క్షమించరానిది. మేం ఏడాది ముందు అడిగిన ఎడ్జ్ రషర్లని ఒక్క రాత్రిలో ఇద్దర్ని తెచ్చారు, 15వ పిక్‌తో జేలన్ వాకర్, 26తో జేమ్స్ పియర్స్. అడిగింది ఇచ్చేస్తే ఫ్యాన్‌కి మింగుడుపడదు అనే కనీస జ్ఞానం లేదు. సరే, తిట్టడానికి ఏం దొరుకుతుందా అని చూస్తే, ఆ రెండోవాడి కోసం లాస్ ఏంజలస్ రామ్స్‌కి ఇచ్చినవాటిలో మా 2026 మొదటి రౌండ్ పిక్ కూడా ఉంది. ఆ రాత్రికి తిట్లకి సరిపోయింది, కాదన్ను. కానీ దాని అర్థం తర్వాతగానీ తెలిసి రాలేదు. 2026 ఏప్రిల్లో మొదటి రౌండ్లో గుడెల్ పిలవడానికి మా వంతు పిక్కే లేదు. మూడు నెలలు మాక్ డ్రాఫ్టులు చదివి, ఎవడో ముక్కూ మొహం తెలీని కుర్రాడి మోకాళ్ల గురించి డాక్టర్ల కంటే గట్టిగా వాదించి, చివరికి గురువారం రాత్రి ఎవరి మీద అరవాలి? రామ్స్ మా పిక్‌తో తెచ్చుకునే కుర్రాడి మీద మాకు కనీసం సగం హక్కయినా ఉండాలని, అతని పేరు చదివినప్పుడు అట్లాంటా వాళ్లు మొదటి రెండు నిమిషాలు బూ అన్నాకే లాస్ ఏంజలస్ వాళ్లు చప్పట్లు కొట్టాలని ఆ డ్రాఫ్ట్‌కి ముందే లీగ్ ఆఫీసుకి ఒక అర్జీ రాసి గ్రూపులో పెట్టా. ఇప్పటిదాకా నలభై మంది సంతకం పెట్టారు, వాళ్లలో ఆరుగురికి డ్రాఫ్ట్ అంటే ఏంటో ఇంకా తెలీదు, వాళ్లే అందరికంటే కోపంగా ఉన్నారు.